ఎల్లమ్మ చెరువులో వాలుగ

మదనపల్లె
జూలై 14

గ్లోరీకి అవ్వ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తారీఖు లేదు, ఊరి పేరు లేదు. చిన్నగుట్లపల్లె కుప్పానికి ఏ దిక్కున ఉందో కవరు మీది పోస్టాఫీసు ముద్ర చూసి ఊహించుకోవలసి వచ్చింది. ఉద్యోగానికి బయలుదేరేటప్పుడు మనం పెట్టుకున్న నియమం మళ్లీ రాస్తున్నాను. ఫోను చావులకూ బస్సు వేళలకూ మాత్రమే. మిగిలినదంతా కాగితం మీద. ఫోనులో అబద్ధం దానంతట అదే జారిపోతుంది. కాగితం మీద అయితే రాసేవాళ్లు ఒకసారి ఆగుతారు. కాలేజీలో అన్నేళ్లు జంతుశాస్త్రం చెప్పిన దాన్ని, మీ అమ్మ పోయాక నిన్ను పెంచిన దాన్ని. ఆ ఆగిన చోటును పట్టుకోవడం నాకు బాగా తెలుసు.

చేపల శాఖలో నీ మొదటి పని ఒక చెరువును ఆడవాళ్ల పొదుపు సంఘానికి ఇప్పించడం అయినందుకు సంతోషం. అయితే నువ్వు సంతోషంలో ఒక మాటను తేలికగా రాసి వదిలేశావు. సంఘం పెద్ద ఎల్లమ్మ తన రెండు జెర్సీ ఆవులనూ పుంగనూరు సంతలో అమ్మి చేపపిల్లలు తెచ్చిందని రాశావు. భర్త లేడు, సెంటు భూమి లేదు, ఉన్నవి ఆ రెండు ఆవులే. చేపలు చేతికి రాకపోతే తెల్లవారి రైలెక్కి బెంగళూరు కూలికి పోవడమే గతి అని కూడా నువ్వే రాశావు. కాబట్టి చెరువులో ఈదుతున్నవి చేపలు అనుకోవద్దు. అవి ఆవిడ ఆవులు. రోజూ అలాగే చూడు.

ఈ ఏడు కాలువ నీళ్లు మీ వైపు దాకా వస్తాయని అంటున్నారు. కృష్ణ నుంచి పంపుల మీద పంపులెక్కి వచ్చే నీళ్లవి. మన మెట్ట చెరువు ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, అందులో ఉన్నదంతా చచ్చి, వానలకు కొత్తగా మొదలవుతుంది. పెద్ద చేపను తినే పెద్ద చేప అందులో ఉండదు. ఏరు అలా కాదు. ఏటి నీళ్లు వస్తే ఏటి జంతువులూ వస్తాయి. కాలువ చెరువులో కలిసే చోట వెదురు చట్రానికి దోమతెరంత సన్న వల బిగించి కట్టించు. నీళ్లు రాకముందే కట్టించు.

తలకు నూనె పెట్టుకుంటున్నావా?

అవ్వ, ఫ్లారెన్స్


చిన్నగుట్లపల్లె, కుప్పం దగ్గర
ఆగస్టు 31

అవ్వా, వందనాలు.

తారీఖు వేశాను, ఊరు రాశాను, నూనె పెట్టుకున్నాను.

నీళ్లు వచ్చాయి అవ్వా. నిన్న ఉదయం. ముందు కాలువలో నురుగు వచ్చింది, చెత్త వచ్చింది, చెప్పులు వచ్చాయి, తరువాత ఎర్రటి నీళ్లు. ఊరంతా గట్టు మీదే ఉంది. ముసలివాళ్లు చెంబులతో ముంచుకుని తల మీద పోసుకున్నారు. చెరువు కమిటీ పెద్ద ఈశ్వరప్ప, ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉండే మనిషి, పంచె తడుస్తున్నా పట్టించుకోకుండా నీళ్లలో నిలబడి ఏడ్చాడు. ఆయన టమోటా తోటలో బోరు ఎండి చాలా ఏళ్లయిందట. ఆడవాళ్లు గంగమ్మకు పసుపు చీర, గాజులు ఇచ్చారు. ఎల్లమ్మ నన్ను పట్టుకుని, "సూడు గ్లోరమ్మా, మా ఇంటి ఆడబిడ్డ పుట్టింటికి వచ్చినాది" అంది.

మీరు చెప్పినట్టే వెదురు చట్రం చేయించి వల కట్టించాను. నీళ్లు రాకముందే కట్టించాను.

ఎల్లమ్మ చేపలకు తవుడు వేసేటప్పుడు వాటిని పేర్లు పెట్టి పిలుస్తుంది. అమ్మిన ఆవుల పేర్లే. అన్నింటికీ ఆ రెండు పేర్లే.

మీ గ్లోరీ


మదనపల్లె
సెప్టెంబరు 22

గ్లోరీకి,

పోయిన శనివారం పుంగనూరు వెళ్లాను. చర్చిలో పాత స్నేహితురాలి జ్ఞాపకార్థ కూడిక. అది ముగిశాక ఆటో మాట్లాడుకుని కాలువ చూడటానికి పోయాను. ఈ వయసులో నీకెందుకు అని అడగకు, అక్కడ అందరూ అడిగారు.

గట్టున ఒకతను గాలం వేసుకుని కూర్చున్నాడు. పక్కన ప్లాస్టిక్ బకెట్. ఏం పడిందని అడిగాను.

"ఏందో మీసాల సేప మా. ఈ పక్కల ఎప్పుడూ సూడలేదు. కరస్తాది, సెయ్యి పెట్టొద్దు" అన్నాడు.

పెట్టాను. కరిచింది. జానెడు పొడవు కూడా లేదు, అయినా వేలి మీద ఉప్పుకాగితంతో గీసినట్టు గీసింది. "సెప్తే ఇనేటట్టు లేవే ముసలమ్మా" అని అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అది వాలుగ.

క్లాసులో చెప్పినట్టు చెబుతాను, శ్రద్ధగా చదువు. పెద్ద ఏళ్ల చేప అది. ప్రపంచంలో శాస్త్రవేత్తలు దానికి వాడే పేరు కూడా మన తెలుగు పేరు నుంచే వెళ్లింది. పొలుసు ఉండదు. ఒళ్లు నున్నగా, వెండి రంగులో, తోక వైపు కత్తిలా పలచగా ఉంటుంది. నోరు కంటిని దాటి వెనక్కి చీలి ఉంటుంది, లోపల పళ్లు వరుసలుగా కాదు, చాపలా పరచి ఉంటాయి. పట్టినదాన్ని నమలదు, మింగుతుంది. తన ఒంట్లో సగం ఉన్న చేపను కూడా మింగుతుంది. కళ్లు చిన్నవి. బురద నీళ్లలో కళ్లతో పని లేదు, రెండు పొడుగు మీసాలతో తడుముకుంటూ తిరుగుతుంది. పగలు లోతు మడుగులో, గట్టు కింద తొర్రలో, బురద మీద బద్ధకంగా పడి ఉంటుంది. చూసినవాళ్లు పాపం సాధువు అనుకుంటారు. చీకటి పడ్డాక లేస్తుంది. వాననీళ్లు కొత్తగా పొంగినప్పుడు పల్లపు గడ్డిలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. వాటిని కాచుకోదు. పిల్లలు పుట్టిన కొద్ది రోజుల్లోనే పక్కనున్న తోబుట్టువును తోక వైపు నుంచి మింగడం మొదలుపెడతాయి.

ఏటిలో ఇది తప్పు కాదు. ఏటిలో దీనికంటే పెద్దవి ఉన్నాయి, పారే నీళ్లున్నాయి, పారిపోవడానికి చోటుంది. గోడలాంటి గట్టు మధ్య, ఒకే ఈడు బొచ్చెలనూ శీలావతులనూ నింపిన చెరువులో ఇది పడితే, పళ్లెంలో అన్నం పెట్టి ఇచ్చినట్టే.

పుంగనూరు దాటి పోయే ఆ నీళ్లే మీకు వస్తాయి. వల ఇప్పటికీ ఉందా? చిరుగులున్నాయా? నువ్వు స్వయంగా చూసి రాయి.

అవ్వ


చిన్నగుట్లపల్లె
అక్టోబరు 10

అవ్వా, వందనాలు.

ఇక్కడ వానలు బాగున్నాయి. చెరువు మరవ మీదుగా పొర్లేంత నిండింది. కొంగలు వచ్చాయి. ఈశ్వరప్ప బోరులో నీళ్లు పడ్డాయి, ఆయన ఇప్పుడు నాకు ఎదురుపడితే టమోటాలు ఇస్తున్నాడు. ఎల్లమ్మ బాగుంది. మీ వేలు మానిందా? పరుగెత్తే కాలువ గట్ల మీదకు ఒంటరిగా పోవద్దు. చలికాలం ముందు మీ కళ్ల డాక్టరుకు చూపించుకోండి, ఈసారి ఉత్తరంలో వరుసలు కొంచెం వంకరగా ఉన్నాయి.

గ్లోరీ


మదనపల్లె
అక్టోబరు 17

గ్లోరీ,

నా వేలు, నా కళ్లు, ఈశ్వరప్ప బోరు, కొంగలు. అన్నింటి గురించీ రాశావు. ఆగస్టు ఉత్తరం తీసి మళ్లీ చదివాను. వల కట్టించాను అని రెండుసార్లు ఉంది. దాని తరువాత ఏమైందో ఒక్కసారి కూడా లేదు.

వల ఉందా?

అవ్వ


చిన్నగుట్లపల్లె
నవంబరు 2

అవ్వా,

లేదు.

కట్టించిన మాట నిజం. నీళ్లు రావడానికి ముందురోజు సాయంత్రం నేనే నిలబడి తాళ్లు బిగించాను. పొద్దున నురుగుతో పాటు చెత్త వచ్చి వలకు అడ్డం పడింది. నీళ్లు వెనక్కి తన్ని పక్కలకు పోతున్నాయి. ఊళ్లోవాళ్లంతా అది చూస్తున్నారు. చెత్త తీస్తే సరిపోతుంది, తీస్తూ ఉండాలి, నలుగురు వంతులు వేసుకుంటే చాలని చెప్పాను. ఎవరూ వినలేదు. ఎల్లమ్మ చీర చెంగు నడుముకు దోపుకుని నీళ్లలోకి దిగింది. నా వైపు చూసి అడిగింది.

"పుట్టింటికొచ్చే ఆడబిడ్డకు వాకిట్లో అడ్డం కడతారా గ్లోరమ్మా, యాడన్నా? మొగానికి ముసుగేసి లోపలికి రమ్మంటే ఆయమ్మ వస్తాదా?"

ఆమే తాళ్లు విప్పింది. చట్రం పట్టుకుని గట్టు మీద పెట్టింది, ఎంతో మర్యాదగా, విరగకుండా. తరువాత ఆ కాలువ నోట్లోనే పసుపు చీర వదిలారు. అందరూ చేతులెత్తి మొక్కుతున్నప్పుడు నేను ఏం చేయాలి అవ్వా? అరవాలా? వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన నీళ్లు అవి. మరుసటి రోజు కట్టుకోవచ్చు అనుకున్నాను. మరుసటి రోజు వెళితే, "వచ్చిన దోవను మూసేది అపశకునం" అన్నారు. నేను ఇంటికి వచ్చి మీకు ఉత్తరం రాశాను.

ఇప్పుడు చెరువు తీరు మారింది. తవుడు వేస్తే ఇంతకు ముందు నీళ్లు ఉడికినట్టు లేచేవి. ఇప్పుడు అక్కడక్కడ ఒక వలయం లేస్తుంది, అంతే. సాయంత్రం మసక వేళకు గట్టు కింద నీళ్లు ఒక్కసారిగా దబ్బుమంటాయి, చిన్నచేపలు ఒడ్డు మీదకు ఎగిరి పడతాయి. ఎల్లమ్మ వాటిని ఏరి మళ్లీ నీళ్లలో వేస్తుంది. "బెదురుతాండాయి పిచ్చి ముండలు" అంటుంది.

ఆమెకు నేను ఇంకా చెప్పలేదు.

గ్లోరీ


మదనపల్లె
నవంబరు 9

గ్లోరీకి,

తిట్టడానికి వేరే ఉత్తరం రాస్తాను. ఇది పని ఉత్తరం.

వాలుగను పెద్ద వల లాగి పూర్తిగా తీయలేవు. వల వచ్చేసరికి తొర్రలో దూరుతుంది, బురదకు అంటుకుని పడుకుంటుంది. ఇప్పచెక్క వేస్తే చేపలు చస్తాయి, కానీ మంచివీ చెడ్డవీ కలిసే చస్తాయి, పైగా అంత చెరువుకు లారీలు కావాలి. వేరే మందులు అసలు ముట్టుకోనివ్వద్దు, ఆ నీళ్లు గొడ్లు తాగుతాయి.

దారి ఒక్కటే. తూము ఎత్తి చెరువును అడుగు దాకా వదలాలి. మిగిలిన బొచ్చెలను గుంటల్లోకి మార్చుకోవాలి. వాలుగలను ఒక్కొక్కటిగా ఏరాలి. నవంబరు, డిసెంబరు వానలు ఇంకా ఉన్నాయి, కాలువ కూడా పారుతోంది. ఇప్పుడు వదిలితే మళ్లీ నిండే ఆశ ఉంది. సంక్రాంతి దాటితే ఆ ఆశ ఉండదు. అప్పటికి చేపలూ ఉండవు.

ఆడబిడ్డ సంగతి చదివాను. ఎల్లమ్మ మాట నాకు నచ్చింది, నచ్చడం వేరు, ఒప్పుకోవడం వేరు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ ఒక్కతే రాదు, మూట తెస్తుంది. మూటలో ఏముందో చూసుకోవడం తల్లి పని.

ఆమెకు ముందు నిజం చెప్పు. తరువాత ఊరికి చెప్పు. ఈ వరుస తప్పవద్దు.

అవ్వ


చిన్నగుట్లపల్లె
డిసెంబరు 3

అవ్వా,

వరుస తప్పలేదు. ముందు ఎల్లమ్మకు చెప్పాను. ఆమె రాగి ముద్ద కెలుకుతూ వింది. నేను వాలుగ ఎంత తింటుందో చెబుతుంటే తెడ్డు ఆపింది. "నా ఆవులను తింటాండాదా?" అని అడిగింది. అవునన్నాను. మళ్లీ కెలికింది.

మరుసటి రోజు చెరువు గట్టు మీద కమిటీ కూర్చుంది. నేను మీరు చెప్పినదంతా చెప్పాను. తూము మాట వచ్చేదాకా విన్నారు.

ఈశ్వరప్ప లేచాడు. "ఏమ్మా, యాడి మాట ఇది? నా బోరులో నీళ్లు సూసి ఎన్నేండ్లాయె తెలుసునా నీకు? నువ్వు వచ్చి ఆరు నెలలు కాలేదు, తూమెత్తమంటాండావు. నీ సేపల కోసరం మా టమోటా ఎండల్లా?"

"మళ్లీ నిండుతుందప్పా, కాలువ పారుతోంది కదా" అన్నాను.

"నిండుతాదని రాసిస్తావా? కాలువ మీ ఆఫీసుదా?"

రాసివ్వలేనని మీకూ తెలుసు. వెనక నుంచి ఎవరో, "సదువుకున్నోళ్లకు నీళ్లు కొళాయిలో వస్తాయప్పా, వాళ్లకేం తెలుస్తాది" అన్నారు. నవ్వారు.

అప్పుడు నేను ఎల్లమ్మ వైపు చూశాను. ఆమె ఒక్కమాట అంటే సంఘం ఆడవాళ్లంతా లేచేవారు. సగం ఊరు వాళ్లదే. ఆమె గట్టు దిగి నీళ్ల దాకా వెళ్లి పాదాలు తడుపుకుని వచ్చింది. తరువాత చెప్పింది.

"నా సేపలు పోతే పోనీ గ్లోరమ్మా. వచ్చిన బిడ్డను మెడ పట్టుకుని గెంటేదానికి నా సెయ్యి రాదు. ఈ నీళ్లు సూసి నా గుడిసె పక్క వేపచెట్టు కూడా సిగురేసినాది. తూము ఎవురూ ముట్టద్దు."

ఈశ్వరప్ప ఆమెకు దండం పెట్టాడు అవ్వా. ఇన్నేళ్లలో ఆమెను పలకరించని మనిషి.

ఇక నేను ఏం చేయాలి?

గ్లోరీ


మదనపల్లె
జనవరి 6

గ్లోరీకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు విన్నాను. జవాబు ఆలస్యమైంది.

ఎల్లమ్మ తప్పు చేసింది. ఆమె చోట ఉంటే నేను ఆ తప్పు చేయనని చెప్పలేను. తిట్టడానికి రాస్తానన్న ఉత్తరం ఇక రాయను.

మిగిలినది చిన్నపని. గాలాలు. పెద్ద కొక్కేలు, గట్టి దారం. ఎరకు కప్పలు, బతికి ఉన్నవి. గట్టు కింద తొర్రల ముందు పొద్దుగూకే వేళకు కట్టి, తెల్లవారి తీయాలి. చేతితో కొక్కెం విప్పవద్దు, నోట్లో వేలు పెట్టవద్దు. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎన్ని పడినా చెరువు బాగుపడదు. పడిన వాలుగలు ఇక ఎల్లమ్మ చేపలను తినవు, అంతే.

సంఘం ఆడవాళ్లకు నేర్పించు. ఎల్లమ్మకు మొదట నేర్పించు.

అవ్వ


చిన్నగుట్లపల్లె
మార్చి 15

అవ్వా, వందనాలు.

నిన్న వలలు లాగాము. పొద్దున మొదలుపెట్టి ఎండ ఎక్కేదాకా మూడు మార్లు. బెంగళూరు నుంచి చేపల వ్యాపారి ఐసు పెట్టెలతో వ్యాను తెచ్చాడు. మొదటి లాగుడుకు వచ్చినవి ఒక గంపలో పట్టాయి. రెండో దానికి గంప అడుగు కూడా నిండలేదు. మూడోసారి లాగుతుంటే వ్యాపారి ఐసు పెట్టెలు మూసి వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. ఎల్లమ్మ గంపలో చూసి, "ఈటిని కూడా వదిలేద్దామా, తోడన్నా ఉంటాయి" అంది. పంచుకుంటే ఇంటికి ఒక పూట కూరకు వచ్చాయి.

గాలాలకు జనవరి నుంచి వాలుగలు పడుతూనే ఉన్నాయి. మీకు చెప్పకపోతే అది కూడా దాచినట్టవుతుంది కనుక రాస్తున్నాను. బైబిలు మాట ప్రకారం పొలుసు లేని చేప మన ఇంట్లో పొయ్యి ఎక్కదని తెలుసు. సంక్రాంతి నాడు ఎల్లమ్మ దాన్ని పులుసు పెట్టి ముందు నాకు వడ్డించింది. తిన్నాను. ఆమె తినలేదు, నేను తినేది చూస్తూ కూర్చుంది.

ఎల్లమ్మ ఈ ఉదయం రైలెక్కింది. బెంగళూరులో కట్టడం పని, పిట్టగోడలకు ఇటుకలు అందించడం. ఆదివారాలు వస్తుందట. నేను స్టేషనుకు వెళ్లాను. "నీ తప్పేం లేదులే, తాడు ఇప్పింది నేను" అంది. రైలు కదిలింది.

ఊళ్లో ఎవరూ నన్ను ఏమీ అనరు. ఈశ్వరప్ప ఇప్పటికీ టమోటాలు పంపుతున్నాడు. తినలేకపోతున్నాను.

అవ్వా, జనవరి ఉత్తరంలో అక్షరాలు మీవి కావు. గుండ్రంగా ఉన్నాయి. మీరు సున్నాలను అంత పెద్దగా రాయరు. "నాలుగుసార్లు విన్నాను" అని ఉంది, చదివాను అని లేదు. మీరు ఆగిన చోటు నాకూ కనబడింది. రాయండి.

గ్లోరీ


మదనపల్లె
ఏప్రిల్ 2

గ్లోరీకి,

బాగా చదువుతున్నావు.

ఇది రాస్తున్నది మేడ మీద అద్దెకున్న రమ్యశ్రీ, మిషన్ ఆసుపత్రిలో నర్సు. నవంబరు ఉత్తరమే నేను నా చేత్తో రాసిన చివరిది. అప్పటికే వరుస తరువాత వరుసను స్కేలు పెట్టి తడుముకుంటూ రాశాను. డాక్టరు చేయవలసింది చేశాడు, ఆలస్యంగా వెళ్లింది నేను. ఇప్పుడు వెలుతురు ఉందో లేదో తెలుస్తుంది. వంటింటి నుంచి వాకిలి దాకా గోడ పట్టుకుని పోతాను. అలవాటవుతోంది. నువ్వు సెలవు పెట్టి రావద్దు. వచ్చి చేసేదేమీ లేదు, ఇక్కడ నాకు మనుషులున్నారు. అక్కడ నువ్వు తలెత్తుకుని తిరగాలి. ఇప్పుడు వదిలి వస్తే పారిపోయావంటారు, నువ్వూ అదే అనుకుంటావు.

పులుసు తిన్నందుకు ఏమీ అనను. ముళ్లు తక్కువని చదివాను. నిజమేనా? పులుపు సరిపోయిందా?

ఎల్లమ్మ గురించి రమ్యశ్రీ చదువుతున్నప్పుడు ఆపించాను. రెండో రోజు మిగిలింది చదివించుకున్నాను.

అవ్వ

గ్లోరీ అక్కా, ఈ వరుస నేను సొంతంగా రాస్తున్నాను. అవ్వకు తెలియదు. మీ ఉత్తరాలన్నీ దిండు కింద పెట్టుకుంటారు. చదవమని అడగరు, వేళ్లతో తడుముతారు. రమ్యశ్రీ


చిన్నగుట్లపల్లె
మే 24

అవ్వా,

రమ్యశ్రీని నిదానంగా చదవమనండి.

కాలువలో ఫిబ్రవరి నుంచి నీళ్లు లేవు. మళ్లీ ఎప్పుడని అడిగితే ఎవరికీ తెలియదు. మార్చిలో తూము పైమెట్టు బయటపడింది, ఏప్రిల్లో చెరువు మధ్య రాయి. ఊరు తూమెత్తి వదలనివ్వని నీళ్లను ఎండ ఎత్తుకుపోయింది. ఈశ్వరప్ప బోరులో గాలి వస్తోంది. వేపచెట్టు మాత్రం ఉంది.

పోయిన వారం చెరువు నడిమి గుంటలోకి చేరింది. మన వరండా అంత ఉంటుంది, మోకాలి లోతు. కొంగలు దాని చుట్టూ నిలబడి ఉంటే దగ్గరకు వెళ్లాను. ఒకటే చేప ఉంది అవ్వా. వాలుగ. నా చెయ్యి అంత పొడవు. బొచ్చెలు లేవు, కప్పలు లేవు, దానితో వచ్చిన వాలుగలు కూడా లేవు. మీరు చెప్పినట్టే చేసింది. చుట్టూ ఉన్నవన్నీ అయిపోయాక చివరికి తన జాతినీ తిని ఒక్కటే మిగిలింది. తల పెద్దగా, ఒళ్లు తాడులా అయింది. మీసాలు నీళ్ల పైకి తేలి అటూ ఇటూ తడుముతున్నాయి.

ఈ రోజు ఆదివారం. కుర్రాళ్లు కర్రలతో వచ్చారు. ఈశ్వరప్ప, "సంపండ్రా దాన్ని, ఊరును తినేసినాది" అన్నాడు. అప్పుడే ఎల్లమ్మ రైలు దిగి నేరుగా చెరువుకు వచ్చింది. నల్లబడింది, అరచేతులు పగిలి ఉన్నాయి. గుంట ముందు నిలబడింది.

"ముట్టద్దు" అంది.

"నీ సేపలన్నీ తిన్నది ఇదే కదే" అన్నాడు ఈశ్వరప్ప.

"అందుకే ముట్టద్దంటాండా. నా ఆవులు దీని కడుపులో ఉండాయి. ఇంక యాడా లేవు. దీన్ని యాల సంపేది?"

కుర్రాళ్లు కర్రలు దించి వెళ్లిపోయారు. ఎల్లమ్మ ఇంటికి పోయి బిందె తెచ్చింది. ఊరి కొళాయి దగ్గర వరుసలో నిలబడి, నింపి, నెత్తిన పెట్టుకుని ఎండిన చెరువులో అంత దూరం నడిచి వచ్చి ఆ గుంటలో పోసింది. మళ్లీ వెళ్లింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు ఆమెకు దారి ఇస్తున్నారు. నేను గట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆమె ఇప్పుడు కూడా నడుస్తోంది. రేపు పనికి పోనంటోంది.

నేను ఆపాలా? మీరు చెప్పండి. ఇంతవరకు మీరు చెప్పినదంతా నిజమైంది.

గ్లోరీ


మదనపల్లె
మే 28

గ్లోరీకి,

నీ ఉత్తరం ఈ రోజు వచ్చింది. రమ్యశ్రీ వెంటనే రాస్తోంది, సాయంత్రం పోస్టులో వేస్తుంది.

నువ్వు అడిగింది ముందు చెబుతాను. కొర్రమీను, మార్పు లాంటి చేపలైతే గాలి మింగి బురదలో కూడా కొన్నాళ్లు బతుకుతాయి. వాలుగకు ఆ ఏర్పాటు లేదు. అది లోతు నీళ్ల చేప, ఏటి చేప. నీళ్లు వేడెక్కితే అందులో దానికి కావలసిన ప్రాణవాయువు ఉండదు. మీ ఎండకు, అంత గుంటకు, ఒక మనిషి మోసే బిందెలు చాలవు. పోసినదానికంటే నేల ఎక్కువ తాగుతుంది. ఈ కాగితం నీ చేతికి వచ్చేసరికి అది బతికి ఉండే అవకాశం చాలా తక్కువ. అది బతికినా ఎల్లమ్మ ఆవులు రావు. ఏ వైపు నుంచి లెక్క వేసినా చివర ఏమీ మిగలదు. మళ్లీ మళ్లీ వేసి చూశాను, నాకు ఇప్పుడు వేరే పని లేదు కదా.

ఆపవద్దు.

ఒకవేళ అది ఇంకా ఉంటే, గుంటకు పడమటి వైపు నాలుగు కర్రలు పాతి కొబ్బరి మట్టలు కప్పండి, మధ్యాహ్నపు ఎండ తగలకుండా. కొళాయి నీళ్లను నీడలో చల్లార్చి పోయండి. బిందెను నీళ్లకు ఆనించి వంచవద్దు, నడుము ఎత్తు నుంచి పోయాలి. అలా పడితే నీళ్లలో గాలి కలుస్తుంది.

ఎల్లమ్మ ఒక్కతే మోస్తోందని రాశావు. నువ్వు గట్టు మీద కూర్చుని రాస్తున్నానని కూడా రాశావు. లేచి నువ్వూ ఒక బిందె తీసుకో. ఎత్తు నుంచి పొయ్యి.

అవ్వ